పదిహేడో నంబరు సీసా

ల్యాబ్, మూడో అంతస్తు, కిటికీ పక్క బల్ల
ఫిబ్రవరి 3

పిన్నికి,

నువ్వు బాగానే ఉన్నావని తెలుసు. మొన్న కూడా బాబాయి నీ మీద ఫిర్యాదు పంపించాడు, కాబట్టి ఇద్దరూ క్షేమమే. ఫోన్ చేస్తే సగం నీ చెవులు మింగేస్తాయి, మిగతా సగం బాబాయి తనకు తోచినట్టు చెప్తాడు. అందుకే ఉత్తరం. పైగా "నోటితో చెప్పింది గాలి, సిరాతో రాసింది సాక్ష్యం" అని చిన్నప్పుడు నా చెవి మెలిపెట్టి నేర్పింది నువ్వే.

ముందు కూర్చో. కూర్చున్నావా? మా ల్యాబ్ పెద్ద మేడమ్ నా పద్ధతికి పరీక్ష పెట్టడానికి ఒప్పుకున్నారు!

ఎలాగూ ఈ కవరు ముందు బాబాయే చింపుతాడు కనుక ఆయన కోసం మొదటి నుంచీ చెప్తాను. బాబాయ్, ఏటా కొన్ని నెలల్లో సముద్రంలో కంటికి కనిపించని నాచు పెరుగుతుంది. దాన్ని తిన్న ఆల్చిప్పల్లాంటి గుల్లల్లో విషం చేరుతుంది. ఆ గుల్లలు తిన్న మనిషికి ముందు పెదాలు తిమ్మిరెక్కుతాయి, తర్వాత వేళ్లు, ఆ తర్వాత ఊపిరి. అందుకని అమ్మకానికి వెళ్లే ముందు ప్రతి రేవు గుల్లల్నీ మాలాంటి ల్యాబ్‌లో చూస్తారు. హద్దు వంద గ్రాముల గుల్లలకి ఎనభై మైక్రోగ్రాములు. దాటితే రేవు మూత. ఎలా చూస్తారో మీ ఆవిడకి తెలుసు, ఇరవై ఎనిమిదేళ్లు అదే పని చేసింది: గుల్లల రసం మూడు తెల్ల చిట్టెలుకలకి సూదితో ఎక్కించి, స్టాప్‌వాచ్ నొక్కి, ఎన్ని నిమిషాలకి ప్రాణం పోతుందో చూడటం.

నా పద్ధతిలో స్టాప్‌వాచ్ లేదు. ఈ విషం వెళ్లి కూర్చునే చోట్లు నరాల మీద ఉంటాయి. ఒక ఎలుక మెదడుని మెత్తగా రుబ్బితే అలాంటి చోట్లు కోట్ల కొద్దీ దొరుకుతాయి. అందులో ముందుగా గుర్తు వేసిన విషం కొద్దిగా పోస్తాను. గుర్తంటే రేడియోధార్మికత, యంత్రం లెక్కపెట్టగలదు. తర్వాత గుల్లల రసం పోస్తాను. ఇక కుర్చీలాటే! రసంలో విషం ఎంత ఎక్కువుంటే గుర్తు వేసిన విషానికి అన్ని తక్కువ కుర్చీలు. వడపోసి, చల్లటి నీళ్లతో కడిగి, కాగితం మీద మిగిలిందాన్ని లెక్కపెడితే సరి.

పరీక్ష ఇదీ. కేంద్ర ల్యాబ్ వాళ్లు నలభై సీసాలు సీలు వేసి పంపుతారు. ఎందులో ఎంత విషముందో వాళ్లకే తెలుసు. నేను నా పద్ధతిలో కొలుస్తాను, కింది అంతస్తులో స్టాప్‌వాచ్ వదలని మన సెకన్ల సార్ చిట్టెలుకలతో కొలుస్తారు. ఇద్దరి అంకెలూ కలిస్తే ఎలకల గది మూసేస్తారు. శాశ్వతంగా! నేను ఉద్యోగంలో చేరిన మొదటి వారం ఆ గదిలోనే కదా కళ్లు తిరిగి పడ్డాను. సెకన్ల సార్ ఇప్పటికీ "అమ్మా, కుర్చీ వెయ్యనా?" అని అడుగుతారు. ఆయన నీ శిష్యుడే కదా, కాస్త చెప్పరాదూ.

దీవించు.

నీ
బుడంకాయ

&nbsp;

ఇల్లు, వెనక వరండా
ఫిబ్రవరి 10

ఒసే బుడంకాయా,

కవరు బాబాయే చింపాడు. చదివి, "ఓహో కుర్చీలాటా" అని పొద్దుటి నుంచీ పక్కింటి వాళ్లందరికీ పాఠం చెప్తున్నాడు. నీ పుణ్యాన ఇంట్లో ఒక శాస్త్రవేత్త పుట్టాడు.

నాకు ఎంత సంతోషంగా ఉందో రాయడం చేతకాదు. రెండుసార్లు చదివి, ఉత్తరం చీర కుచ్చిళ్లలో దోపుకుని గిన్నెలు తోమాను. మొదటి పేజీ కాస్త తడిసింది.

అయితే ఒక మాట. నా చిట్టెలుకల మీద జాలి పడ్డావు, బాగుంది. మరి మెదడు రుబ్బించుకున్న ఆ ఎలుక ఏం పాపం చేసిందే?

సెకన్ల సార్‌కి నేను చెప్పేదేం లేదు. వాడు చేరినప్పుడు బీకరు పట్టుకోవడం రాదు. తర్వాత అర సెకను తేడా వచ్చినా నిద్రపోని మనిషి అయ్యాడు. వాడి అంకెని నమ్ము. వాడితో వాదం పెట్టుకోకు.

చేసేది చేసినట్టు రాయి. కొట్టివేత ఉంటే ఒక్క గీతతో కొట్టు, కింద ఏముందో కనిపించాలి. తిండి మానకు.

పిన్ని

&nbsp;

ల్యాబ్, అదే బల్ల
ఫిబ్రవరి 24

పిన్నీ,

ఒక్క ఎలుకే, ఆరు వారాలకు సరిపోతుంది. దాని ఆత్మకు శాంతి కలగాలని బాబాయిని రెండు నిమిషాలు మౌనం పాటించమను. ఆయనకి అది కష్టమే.

ఇంక అసలు సంగతి. నా పరువు గంగలో కలిసింది. సీల్ సీసాలు వచ్చే ముందు సరదాకి ఒకే రసాన్ని పలక మీది తొంభై ఆరు గుంటల్లోనూ పోశాను. అన్నిట్లో ఒకే అంకె రావాలి కదా? మొదటి వరుసలో ఒకటి, చివరి వరుసలో దాదాపు సగం! కాగితాలు మార్చాను. కడిగే నీళ్లు మార్చాను. యంత్రాన్ని తిట్టాను. మూడు రోజులైంది. కొండను తవ్వి ఎలుకను పట్టడం అంటారే, నేను ఎలుకను రుబ్బి కొండను నెత్తి మీద పడేసుకున్నాను.

సెకన్ల సార్ పైకొచ్చి చూసి కుర్చీ వేసి వెళ్లారు. పై సోమవారం సీసాలు వస్తున్నాయి. ఏం చెయ్యను?

బు.

&nbsp;

ఇల్లు
ఫిబ్రవరి 27

బుడంకాయా,

రుబ్బిన మెదడు ఎందులో ఉంచుతున్నావు? గాజు గొట్టంలో ఐసు మీద నిలబెట్టి, అందులోంచి ఒక్కో గుంటకీ తీసి పోస్తున్నావు, అవునా? తొంభై ఆరు గుంటలకి ఎంతసేపు పడుతుంది? అంతసేపూ అది కదలకుండా ఉంటుంది. బరువైనదేదైనా అడుక్కి దిగుతుంది తల్లీ. పిపెట్ మొన అడుగునే కదా ముంచుతావు. మొదటి వాళ్లకి చిక్కటిది, చివరి వాళ్లకి పలచటిది.

వడ్డించేవాడు గరిటె తిప్పకపోతే చివరి పంక్తి వాళ్లు తిట్టుకుంటారు. ప్రతి వరుసకీ ముందు తిప్పు.

పిన్ని

&nbsp;

ల్యాబ్!!
మార్చి 20

పిన్నీ పిన్నీ పిన్నీ,

తిప్పాను! తొంభై ఆరూ ఒక్కటే అంకె, అటూ ఇటూ వెంట్రుక వాసి! చదివింది నేను, డిగ్రీలు నావి, సమాధానం గిన్నెలు తోముకుంటూ నువ్వు చెప్పావు. పెద్ద మేడమ్‌కి నీ ఉత్తరం చూపిస్తే "ఈవిణ్ణి రిటైరవ్వనిచ్చింది ఎవరు?" అన్నారు.

సీల్ సీసాలు మొదలుపెట్టాం. ప్రతి మంగళవారం నేనూ సెకన్ల సారూ మా మా కాగితాలు మేడమ్ బల్ల మీద ఒకేసారి పెడతాం, పేకాటలో ముక్కలు చూపించినట్టు. మొదటిది: నాది 43, ఆయనది 41. రెండోది: నాది 210, ఆయనది 204. ఐదోది ఇద్దరికీ సున్నా! పదహారు వరకూ ఇదే వరస. నాకు కాళ్లు నేల మీద ఆనడం లేదు. సెకన్ల సార్ నిన్న తనంతట తానే "అమ్మా, ఈ గది ఖాళీ అయితే ఇక్కడ నువ్వేం పెట్టిస్తావు?" అని అడిగారు. కిటికీ తెరిపిస్తానన్నాను. నవ్వారు, పిన్నీ! ఆయనకి పళ్లున్నాయి!

పదిహేడు మాత్రం తేడా వచ్చింది. నాది 112, ఆయనది 54. అంటే నా లెక్కన అది విషం, ఆయన లెక్కన తినొచ్చు. నిబంధన ప్రకారం తేడా వస్తే చిట్టెలుకదే ఒప్పు, నా పద్ధతి తప్పినట్టు. అంతటితో పరీక్ష ఆగిపోతుంది. కాదనాలంటే చిట్టెలుక ఎందుకు తప్పిందో కారణం రాసివ్వాలి. అప్పుడు కేంద్ర ల్యాబ్ వాళ్లు అసలు అంకె ఉన్న కవరు తెరుస్తారు. కారణం నా దగ్గర లేదు.

మేడమ్‌కి నేనంటే అభిమానం. "సీసా దారిలో పాడైందని రాసెయ్. పాడైనవాటిని లెక్కలోకి తీసుకోరు. మిగతా ముప్పై తొమ్మిదీ కలిస్తే నీ పద్ధతి నెగ్గినట్టే" అన్నారు. ఆవిడ మంచికే అన్నారు. ఏప్రిల్ పదకొండు దాకా గడువు.

నువ్వు ఇరవై ఎనిమిదేళ్లు చేశావు. నీ చేతుల్లో చిట్టెలుక ఎప్పుడైనా తప్పు చెప్పిందా?

నీ బుడంకాయ

&nbsp;

ఇల్లు
మార్చి 31

చి. సౌ. బుడంకాయకి,

ఉత్తరం అందింది. ఇక్కడ అందరం క్షేమం. బాబాయికి జలుబు.

చిట్టెలుక తప్పు చెప్పదు. మీ మేడమ్ చెప్పినట్టు పాడైందని రాసెయ్యి. ఒక్క సీసా కోసం ఇన్నాళ్ల కష్టం పాడుచేసుకోకు. ఎండలు ముదురుతున్నాయి, గొడుగు పట్టుకెళ్లు.

పిన్ని

&nbsp;

ల్యాబ్
ఏప్రిల్ 3

పిన్నీ,

ఈ ఉత్తరం రాసింది ఎవరు? చేతిరాత నీదే. కానీ "చిరంజీవి సౌభాగ్యవతి" అని నన్ను నువ్వు జన్మలో పిలవలేదు. కొట్టివేత కింద అక్షరం కూడా కనిపించాలన్న మనిషి, పాడవని సీసాని పాడైందని రాయమంటుందా?

అది పాడవలేదు. మళ్లీ మూడుసార్లు చేశాను. 110, 113, 111. ప్రతి వరుసకీ తిప్పాను. సెకన్ల సార్ కూడా మళ్లీ చేశారు. 55. ఇద్దరం ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం. ఆయన చెయ్యి తప్పదు, నా గుంటలు తప్పడం లేదు.

"మా పిన్నికి ఎప్పుడైనా ఇలా జరిగిందా సార్?" అని అడిగాను. ఆయన చాలాసేపు స్టాప్‌వాచ్ తుడిచారు. "మీ పిన్నిగారు ఒక్కసారి, సంతకం పెట్టాల్సిన రిపోర్టు పట్టుకుని అరగంట నిలబడ్డారమ్మా. ఆ తర్వాత పెట్టేశారు" అన్నారు. ఎప్పుడు, ఏ రిపోర్టు అంటే, "ఆవిణ్ణే అడుగు" అని కిందికి వెళ్లిపోయారు.

అడుగుతున్నాను.

నేను పాడైందని రాస్తే ఎలకల గది మూతపడుతుంది. నేను కోరుకున్నదే. రాయకుండా పట్టుబట్టి, చివరికి నాదే తప్పని తేలితే, నా పద్ధతి చెత్తబుట్టలోకి, చిట్టెలుకలు ఇంకో పదేళ్లు సూది కిందకి. నాకు భయంగా ఉంది. కోపంగా కూడా ఉంది, నీ మీదే ఎక్కువ.

బుడంకాయ

&nbsp;

ఇల్లు, వెనక వరండా
ఏప్రిల్ 6

బుడంకాయా,

గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నాను. నువ్వు అడిగింది నీ సీసా గురించి, నేను జవాబు చెప్పింది నా సీసాకి.

పద్నాలుగేళ్ల కిందటి మాట. వానలు లేని ఏడాది. ఉప్పుటేటి పక్కనుంచి గుల్లలు వచ్చాయి. ఏరింది ఒక గుల్లలావిడ, లైసెన్సున్న మనిషి, పాతిక మందిలో ఒకతె. రసం తీశాను, మూడు చిట్టెలుకలకీ ఎక్కించాను. ఒకటి పందొమ్మిదో నిమిషంలో పోయింది. రెండు బతికాయి. మూడింట్లో రెండు బతికితే హద్దులోపు అని పట్టిక చెప్తుంది. కానీ ఆ రెండూ వెనక కాళ్లు ఈడుస్తున్నాయే. నేను చూశాను. అరగంట చూశాను. కాళ్లు ఈడుస్తున్నాయని రాయడానికి ఫారంలో గడి లేదు. "క్షేమం" అని రాసి సంతకం పెట్టాను.

మూడో రోజు ఒక ఇంట్లో నలుగురు ఆసుపత్రి పాలయ్యారు. ఒకాయన తొమ్మిది రోజులు యంత్రం మీద ఊపిరి పీల్చాడు. బతికాడు. విచారణకి వచ్చినవాళ్లు నా రిపోర్టు చూశారు. క్షేమమని ఉంది, కింద నా సంతకం. నా చెయ్యి తప్పదని ఊరంతా చెప్పుకునే రోజులవి. కాబట్టి తప్పు గుల్లలావిడదన్నారు. ఎర్ర జెండాలు పాతిన నిషేధం వైపు ఏరి, ఇటువైపువని చెప్పి అమ్మిందన్నారు. ఆవిడ కాదంది. ఎవరూ వినలేదు. లైసెన్సు తీసేశారు. నేను ఆ విచారణ గదిలోనే ఉన్నాను. నోరు విప్పలేదు.

ఇన్నేళ్లూ నేను స్టాప్‌వాచ్ సరిగ్గా నొక్కలేదేమో, సూది కొంచెం పక్కకి పోయిందేమో అనుకుంటూ బతికాను. బాబాయికి కూడా చెప్పలేదు. నిన్న చెప్పాను. పాపం, మొదటిసారి మధ్యలో ఒక్క మాట అనకుండా విన్నాడు.

ఇప్పుడు పనికొచ్చేది చెప్తాను, నిదానంగా చదువు. నిన్న అటక మీంచి నా పాత నోటుబుక్కు తీయించాను. ఫారంలో లేనివి అందులో రాసుకునేదాన్ని. ఆ రోజు పేజీలో ఒక లైను ఉంది: "రసం కాచిన బీకరు అంచున తెల్లటి పెచ్చు." ఉప్పు! వానలు లేక ఏరు ఉప్పు తేరింది, గుల్లలూ ఉప్పు పట్టాయి. చిట్టెలుకలకి ఈ రసం చిక్కగానే ఎక్కిస్తాం. విషం హద్దుకి దగ్గరగా ఉన్నప్పుడు అంత ఉప్పు కూడా ఒంట్లోకి వెళ్తే విషం పని తగ్గించేస్తుందేమో! మరి నువ్వు? నువ్వు నీళ్లు కలిపి పలచన చేస్తావు కదా, ఎన్ని రెట్లు? ఉప్పు ఉన్నా నీ గుంటల్లో కనిపించదు.

నీ పదిహేడో సీసాలో ఒక చుక్క గాజు పలక మీద ఆరబెట్టి చూడు. తెల్లగా అంచు కడితే, ఇలా చెయ్యి: మంచి గుల్లల రసంలో తెలిసినంత విషం కలుపు. రెండు భాగాలు చెయ్యి. ఒకదాంట్లో ఉప్పు కలుపు. రెండూ నువ్వు కొలువు, రెండూ సెకన్ల సార్‌ని కొలవమను.

కారణం రాసివ్వమన్నారుగా? ఈ ఉత్తరం ఇవ్వు. మొత్తం ఇవ్వు, సగం కాదు. సంతకం పెడుతున్నాను, ఈసారి అరగంట ఆలోచించలేదు.

నీ పిన్ని

&nbsp;

ల్యాబ్, ఎలకల గది
ఏప్రిల్ 11

పిన్నీ,

గబగబా రాస్తున్నాను, అక్షరాలు చూసి భయపడకు. సంతోషంతో!

చుక్క ఆరబెట్టాను. ఆరేలోపు మూడుసార్లు లేచి చూశాను. తెల్లటి అంచు, గుండ్రంగా! మిగతా సీసాలవి పక్కనే ఆరబెడితే ఉత్త మరక.

నీ ఉత్తరం సెకన్ల సార్‌కి ఇచ్చాను. నిలబడే చదివారు. కళ్లజోడు తీసి, "ఆ రోజు బీకర్లు కడిగింది నేనేనమ్మా. ఆ తెల్లటి పెచ్చు గోకి గోకి వదిలించాను" అన్నారు. వెళ్లి ఆరు చిట్టెలుకల్ని తెచ్చారు. ఎలకల్ని కాపాడటానికి ఆరు ఎలకలు! నేను కిందికి వెళ్లి పక్కనే నిలబడ్డాను. కుర్చీ వెయ్యనా అని అడగలేదు ఆయన. నేను పడిపోలేదు. కానీ ఏడుపొచ్చింది, దాచుకోలేదు.

రెండు రసాల్లోనూ విషం సరిగ్గా వంద. నా గుంటల్లో: ఉప్పు లేనిది 98, ఉన్నది 101. చిట్టెలుకల్లో: ఉప్పు లేనిది 97. ఉప్పు ఉన్నది 56! ఆ గుంపులో ఒకటి బతికింది పిన్నీ, వెనక కాళ్లు ఈడుస్తూ. సెకన్ల సార్ ఆ సంగతి రిపోర్టు అంచున రాశారు. గడి లేకపోతే అంచున రాసి, పక్కన సంతకం పెట్టారు.

అన్నీ కలిపి నీ ఉత్తరంతో సహా మేడమ్‌కి ఇచ్చాను. ఆవిడ చివరి పేజీ దాకా చదివారు. "ఓడిపోతే నలభై పోతాయి, తెలుసుగా?" అన్నారు. తెలుసన్నాను. కేంద్ర ల్యాబ్‌కి తానే ఫోన్ చేశారు. వాళ్లు అటువైపు కవరు చింపుతున్న చప్పుడు స్పీకర్లో వినిపించింది. నేను సెకన్ల సార్ చొక్కా చెయ్యి పట్టుకున్నానట, తర్వాత ఆయనే చెప్పారు.

నూట పది!

అసలు అంకె నూట పది పిన్నీ! నేను అరిచిన అరుపుకి కింది అంతస్తు నుంచి సెక్యూరిటీ ఆయన పరిగెత్తుకొచ్చాడు. ఉప్పు ఎక్కువ పట్టిన గుల్లలతో చేసిన సీసా అది ఒక్కటేనట. మిగతా ఇరవై మూడు సీసాలూ చెయ్యాలి, కానీ చిట్టెలుక ఇక కొలబద్ద కాదు. కవర్లతోనే పోలుస్తారు. ఎలకల గది తాళం మేడమ్ సెకన్ల సార్‌కే ఇచ్చి, జూన్ ఒకటికల్లా ఖాళీ చేయించమన్నారు. బతికిన చిట్టెలుకలన్నిటినీ ఇంటికి పట్టుకెళ్తానంటున్నారాయన. వాళ్లావిడ ఏమంటుందో చూడాలి.

పిన్నీ, నీ స్టాప్‌వాచ్ తప్పలేదు. సూది తప్పలేదు. తప్పు ఉప్పుది. ఇక ఆ బరువు దించెయ్యి, నా మాట విను.

నీ బుడంకాయ

&nbsp;

ఇల్లు
ఏప్రిల్ 22

నా బంగారు బుడంకాయా,

నూట పది! బాబాయి ఆ అంకెని క్యాలెండరు మీద ఎర్ర సిరాతో రాశాడు. పక్కింటి వాళ్లకి రెండో పాఠం మొదలైంది. నేను ఉత్తరం పట్టుకుని వరండాలో అటూ ఇటూ పదిసార్లు తిరిగాను. నేను మనవల్ని ఎత్తుకునే వయసు దాన్ని, గంతులు వెయ్యకూడదు. వేశాను.

అయితే తప్పు ఉప్పుది అన్నావు చూడు, అది సగమే. చిట్టెలుకల అంకె ఉప్పు వల్ల తప్పింది. కాళ్లు ఈడ్చడం మాత్రం నాకు కనిపించింది, నేను రాయలేదు. దానికి ఉప్పు ఏం చేస్తుంది?

అందుకని మీ కాగితాల నకళ్లన్నీ తీసుకుని, బాబాయిని వెంటబెట్టుకుని నిన్న గుల్లలావిణ్ణి వెతుక్కుంటూ వెళ్లాను. నాలుగు చోట్ల అడిగితే దొరికింది. ఇప్పుడు వలలు అతుకుతోంది. జుట్టు నెరిసింది, నన్ను గుర్తుపట్టింది. దారి పొడుగునా కూడబలుక్కున్న మాటలు అక్కడికి వెళ్లేసరికి ఒక్కటీ గుర్తు రాలేదు. ఉన్నదున్నట్టు చెప్పేశాను. కాళ్లు ఈడ్చడం, గడి లేకపోవడం, సంతకం, ఆ విచారణ గదిలో నోరు మూసుకోవడం. ఉప్పు సంగతి, నీ నూట పది కూడా చెప్పాను. లైసెన్సు తిరిగి ఇమ్మని నా సంతకంతో రాసిన అర్జీ ఆవిడ చేతిలో పెట్టి, "నువ్వు ఏరింది మంచి వైపేనమ్మా, ఇప్పుడు రుజువైంది" అన్నాను.

ఆవిడ వల పక్కన పెట్టలేదు. ముడి పూర్తిగా బిగించి, పళ్లతో దారం తెంపి, అప్పుడు నా వైపు చూసింది.

"నాకు ఆ రోజే తెలుసండీ" అంది. "మీకు తెలియడానికే పద్నాలుగేళ్లు పట్టింది."

పిన్ని